కీమో నడుస్తోంది.. రోజీని బాధ పెడుతున్నామా?

ప్రశ్న: మా లాబ్రడార్ రోజీకి 8 ఏళ్లు. మెడ కింద, మోకాళ్ల వెనక గడ్డలు కనిపిస్తే పరీక్ష చేయించాం, లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) అన్నారు. హనుమకొండ నుంచి హైదరాబాద్ తీసుకెళ్లి కీమో చేయిస్తున్నాం. రెండో డోసు సైక్లోఫాస్ఫమైడ్ ఇచ్చి నాలుగు రోజులైంది. ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ బిళ్లలు కూడా వేస్తున్నాం. తిండి సగానికి తగ్గింది, నీళ్లు మాత్రం తెగ తాగుతోంది, రాత్రిళ్లు హాల్లోనే మూత్రం పోసేస్తోంది. కోడలికి ఐదో నెల, దాన్ని దగ్గరికి రానివ్వొచ్చా? ఈ వయసులో మూగజీవాన్ని హింస పెడుతున్నారని చుట్టాలు అంటున్నారు. ఏం చేయమంటారు?

డాక్టర్ సలహా: ముందు మీ చివరి మాటకే జవాబు చెబుతాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదేననిపిస్తోంది. లేదు, మీరు హింస పెట్టడం లేదు. కీమో అనగానే మన ఇళ్లలో ఎవరో ఒకరు పడ్డ బాధ గుర్తొస్తుంది, జుట్టంతా రాలిపోయి, మంచం పట్టి. మనుషులకైతే రోగాన్ని పూర్తిగా తుడిచేయాలని ఎంత కష్టమైనా ఓర్చుకోమంటాం, కుక్కల దగ్గర ఆ లెక్క వేరు, ఉన్నన్నాళ్లు హాయిగా ఉండాలన్నదే మా లక్ష్యం, డోసు కూడా దాన్ని చూసుకునే ఇస్తాం. అందుకే చాలా కుక్కలు కీమో చేయించుకుని వచ్చిన సాయంత్రమే గేటు దగ్గరికి పరుగెడతాయి. లాబ్రడార్లకు జుట్టు పెద్దగా ఊడదు, మీసాలు రాలొచ్చు, అంతే.

అలాగని లేని ఆశ పెట్టను. కుక్కల్లో లింఫోమా పూర్తిగా నయం కావడం అరుదు. వైద్యమే చేయకపోతే ఎక్కువ కుక్కలు నెలా నెలన్నర కంటే ఉండవు. పలు మందులు మార్చి మార్చి ఇచ్చే కీమోతో, ఆ క్యాన్సర్ బి-సెల్ అనే తెల్లరక్తకణాల్లో పుట్టిన రకమైతే, పదింట ఎనిమిది కుక్కల్లో గడ్డలు కరిగిపోతాయి, దాదాపు ఏడాది మంచిగా గడుస్తుంది. టి-సెల్ అనే ఇంకో రకం తెల్లరక్తకణాల్లో పుట్టినదైతే అంతకంటే తక్కువ. రిపోర్టులో ఏ రకమో రాయకపోతే ఈసారి అడగండి.

ఇక రాత్రిళ్లు మూత్రం పోయడం. దాన్ని దయచేసి కోప్పడకండి, అది చేస్తున్న తప్పు కాదు, ప్రెడ్నిసోలోన్ వేసుకునే కుక్కలు చాలావరకు అలాగే తాగుతాయి, అలాగే పోస్తాయి. పైగా మీకు ఇబ్బందిగా ఉన్నదే దానికి మేలు చేస్తోంది. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రసంచిలో నిలవ ఉంటే లోపలి పొరను పుండు చేస్తుంది, రక్తం పడుతుంది. కాబట్టి నీళ్లు తగ్గించొద్దు, పడుకునే ముందు ఒకసారి, అర్ధరాత్రి అలారం పెట్టుకుని ఇంకోసారి బయట తిప్పండి. మూత్రం ఎర్రగా కనిపించినా, చుక్కచుక్కగా ముక్కుతూ పోస్తున్నా వెంటనే డాక్టర్‌కి చెప్పాలి. ప్రెడ్నిసోలోన్ మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

తిండి సగం తింటోందంటే కంగారు పడక్కర్లేదు. అసలు ముట్టకుండా ఒక రోజు దాటితే, లేదా రోజులో రెండు మూడు సార్లు వాంతి అయితే ఫోన్ చేయండి, వాంతులకు కుక్కలకని మంచి మందులున్నాయి, అవి ముందే రాయించుకుని ఇంట్లో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఎముకలు తీసిన ఉడికించిన చికెన్, బాగా ఉడికిన గుడ్డు, కాస్త అన్నం, గోరువెచ్చగా చేసి చేత్తో పెట్టండి, వాసన తగిలితే తింటుంది. నోట్లో కుక్కొద్దు. పచ్చి మాంసం అసలే వద్దు. మన కూర కలిపిన అన్నమూ వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్కల రక్తకణాలను దెబ్బతీస్తాయి. బొప్పాయి ఆకు రసం, పసుపు ముద్దలు అని ఎవరైనా చెబితే ముందు కీమో ఇచ్చే డాక్టర్‌ని అడగండి.

ఇప్పుడు చెప్పేది మాత్రం ఇంట్లో అందరూ చదవాలి. డోసు ఇచ్చాక అయిదో రోజు నుంచి పదో రోజు లోపు తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే కుక్క ఒక్క రాత్రిలో ప్రమాదంలో పడొచ్చు. కాబట్టి ఒక డిజిటల్ థర్మామీటర్ దానికంటూ విడిగా కొని, కొనకు వాజిలిన్ రాసి, మలద్వారంలో పెట్టి ఉదయం, సాయంత్రం చూడండి. కుక్కలకు 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలే, 103.5 దాటితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. ముక్కు తడిగానే ఉంది, చెవులు వేడిగా లేవు అని ఊరుకోకండి, అవి నమ్మదగ్గ గుర్తులు కావు. ప్రెడ్నిసోలోన్ జ్వరాన్ని కప్పేస్తుంది కూడా, అందుకే జ్వరం లేకపోయినా, పిలిస్తే తల ఎత్తకుండా మూల పడుకుంటే, చిగుళ్లు పాలిపోతే చూపించాల్సిందే. ఇంట్లో ఉన్న పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వేయకండి. ప్రెడ్నిసోలోన్ మీద ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర పడితే కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు, కుక్కల కోసం అమ్మే మెలాక్సికామ్ అయినా అంతే.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది, పిడుదులు. వాటివల్ల వచ్చే ఎర్లికియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, అది కీమో వల్ల అనుకుని రోజులు పోగొట్టుకుంటారు. చెవుల వెనక, వేళ్ల మధ్య రోజూ వెతకండి. టీకాల గడువు వస్తే కీమో డాక్టర్‌ని అడక్కుండా వేయించొద్దు.

మీ కోడలు రోజీ ఉన్న గదిలో కూర్చోవచ్చు, వీపు నిమరొచ్చు, తర్వాత చేతులు కడుక్కుంటే చాలు. నాకనివ్వొద్దు. కీమో నడిచినన్నాళ్లూ దాని మూత్రం, మలం, వాంతి ఆమె ముట్టుకోకూడదు, కీమో బిళ్లల పెట్టె కూడా. మిగతావాళ్లు డోసు ఇచ్చిన మూడు రోజులు గ్లౌజులు వేసుకుని శుభ్రం చేయండి, పరుపు గుడ్డలు విడిగా రెండుసార్లు ఉతకండి, బయట పోసిన చోట బకెట్ నీళ్లు కొట్టండి. కీమో బిళ్లలను విరవడం, పొడి చేయడం ఎవరూ చేయొద్దు.

చుట్టాల మాట పక్కన పెట్టి ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఈరోజు తిన్నదా, తోక ఊపిందా, మీరు బండి తాళం తీస్తే లేచి వచ్చిందా, టెంపరేచర్ ఎంత, ఇవి రాయండి. బాగాలేని రోజులు ఎక్కువవుతుంటే ఆ పుస్తకం డాక్టర్ ముందు పెట్టి మాట్లాడండి, డోసు తగ్గించవచ్చు, వారం వాయిదా వేయవచ్చు, కీమో ఆపేసి ఒక్క ప్రెడ్నిసోలోన్‌తో ఉంచవచ్చు, అది ఓడిపోయినట్టు కాదు.

మూడో డోసుకి ఎండ ముదరకముందే బయల్దేరండి. ముందు రక్తపరీక్ష చేస్తారు, కణాలు తక్కువుంటే డోసు ఇవ్వకుండా పంపేస్తారు, నిరాశ పడొద్దు. దారిలో జనగామ దగ్గర ఒకసారి, భువనగిరి దగ్గర ఒకసారి కారు ఆపి, నీళ్లు పట్టి, మూత్రానికి దించండి.