పిల్లి మనది, గుమ్మం పక్కింటివాళ్లది

ప్రశ్న: మా గండుపిల్లికి ఏడాది నిండింది. ఈమధ్య ఎదురింటి తలుపు మీద, వాళ్ల చెప్పుల స్టాండు మీద మూత్రం చిమ్ముతోంది. ఫినాయిల్‌తో ఎన్నిసార్లు కడిగినా మళ్లీ అక్కడికే వెళ్తోంది. వాళ్లేమో దాన్ని ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నారు. ఏం చెయ్యాలి?

జవాబు: ఆ పని మాత్రం చెయ్యకండి. ఇంట్లో పెరిగిన పిల్లికి బయట తిండి సంపాదించుకోవడం రాదు. కొత్త చోట అక్కడి పిల్లులు తరిమితే పాత ఇంటిని వెతుక్కుంటూ బయల్దేరి రోడ్ల మీద చచ్చిపోతుంది.

ముందు అది ఎలా పోస్తోందో గమనించండి. నిలబడి, తోక పైకెత్తి వణికిస్తూ తలుపు మీదకి చిమ్మితే అది హద్దు గుర్తు పెట్టుకుంటోందని అర్థం. గొంతుక్కూర్చుని నేలమీద పోస్తుంటే మాత్రం లిటర్ ట్రే (పిల్లి మలమూత్రాల కోసం ఇంట్లో పెట్టే, ఇసుకలాంటి లిటర్ పోసిన పళ్లెం) నచ్చకపోవడమో, మూత్రాశయంలో జబ్బో అయ్యుండొచ్చు. మాటిమాటికీ కూర్చుని ముక్కుతూ చుక్క కూడా పొయ్యలేకపోతోందంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మగపిల్లుల్లో అది ప్రాణాపాయం. తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇది హద్దు గుర్తే. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ చేయించండి. అయిదో నెలలోనే చేయిస్తే చాలావరకు ఈ అలవాటే మొదలవదు. ఏడాది దాటాక చేయించినా ఎక్కువ పిల్లులు మానేస్తాయి. అయితే ఒంట్లో ఉన్న హార్మోన్ తగ్గడానికి కొన్ని వారాలు పడుతుంది. ఈ సంగతి ఎదురింటివాళ్లకు ముందే చెప్పండి. లేకపోతే, ఆపరేషన్ అయిన మర్నాడు కూడా చిమ్మిందని మీ మాట మీద నమ్మకం పోతుంది. అన్నాళ్లూ పిల్లిని గడప దాటనివ్వకండి. కిటికీలోంచి బయటి పిల్లులు కనిపించినా చిమ్ముతుంది కాబట్టి అద్దం కింది సగానికి కాగితం అంటించండి.

ఫినాయిల్ ఈ రోజే ఆపండి. అందులోని ఫీనాల్ జాతి రసాయనాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. తడి నేల మీద నడిచి పాదాలు నాక్కుంటే విషమే. బ్లీచింగ్ కూడా వద్దు: మూత్రంలోని అమ్మోనియాతో కలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువు పుడుతుంది. పైగా పిల్లి మూత్రంలోని యూరిక్ ఆమ్లం స్ఫటికాలు మామూలు నీళ్లకు కరగవు. అందుకే కడిగిన చోటే వాతావరణం తేమగా ఉన్నప్పుడు వాసన మళ్లీ లేస్తుంది. మన ముక్కుకు తెలియకపోయినా పిల్లికి తెలుస్తుంది.

పెంపుడు జంతువుల మూత్రం మరకల కోసమే ఎంజైమ్ క్లీనర్లు, అంటే మూత్రాన్ని విరగ్గొట్టే పదార్థాలు కలిపిన ద్రవాలు, ఉంటాయి. ముందు తడిని పాత గుడ్డతో అద్దండి, రుద్దకండి. మామూలు నీళ్లతో ఒకసారి తుడిచాక, మూత్రం ఎంత లోతుకి ఇంకిందో అంత లోతుకీ క్లీనర్ ఇంకేలా పొయ్యండి. సీసా మీద రాసినంతసేపు, సాధారణంగా 10 నుంచి 15 నిమిషాలు, తడిగానే ఉంచి తర్వాత గాలికి ఆరనివ్వండి. చాలామంది పైపైన చల్లి వెంటనే తుడిచేస్తారు, ఎంజైమ్ పని చెయ్యకపోవడానికి అదే కారణం. చెక్క తలుపైతే రెండు మూడుసార్లు పడుతుంది. ఈ పని మీరే వెళ్లి చెయ్యండి. పాడైన చెప్పుల స్టాండుకు బదులు కొత్తది కొనివ్వండి. శుభ్రం చేసి, ఆపరేషన్ తేదీ చెప్పాక మాట్లాడితే ఎదుటివాళ్ల కోపం సగం తగ్గుతుంది. ఉత్త క్షమాపణతో తగ్గదు.

ప్రశ్న: నాకు పిల్లులు లేవు. పక్కింటి పిల్లులు మా కూరగాయల మడిలో తవ్వి మలవిసర్జన చేస్తున్నాయి. కలరా ఉండలు వేస్తే పోతాయా?

జవాబు: వెయ్యకండి. కలరా ఉండల్లోని నాఫ్తలీన్ పిల్లులకే కాదు, పిల్లలకూ మట్టికీ విషమే. కారం చల్లితే పాదాలూ కళ్లూ మండుతాయి, వాన పడితే అదీ కొట్టుకుపోతుంది. పిల్లికి కావలసింది పొడిగా, గుల్లగా ఉండే మట్టి. అది దొరక్కుండా చెయ్యండి. విత్తనాలు వేశాక 2.5 సెంటీమీటర్ల కన్నాలున్న తీగవలని మట్టి మీద పరిచి, అంచులు లోపలికి మడిచి, పైన పలచగా మట్టి కప్పండి. మొలకలు కన్నాల్లోంచి వస్తాయి, పిల్లికి మాత్రం తవ్వడం కుదరదు. మొక్కలు పెద్దవైతే కాండాలకు ఒరుసుకోకుండా అక్కడక్కడ తీగ కత్తిరించాలి. ఖాళీ మడిని రోజూ తడిపి ఉంచినా చాలు.

పిల్లుల యజమానులను ఒక్కటి అడగండి: ఇంట్లో ఎన్ని ట్రేలు పెట్టారు? పిల్లులు ఎన్నుంటే అన్ని, పైన ఇంకొకటి ఉండాలి. ట్రే పొడవు పిల్లి పొడవుకి ఒకటిన్నర రెట్లు, వాసన కలపని లిటర్ 5 సెంటీమీటర్ల మందం, రోజుకి రెండుసార్లు మలం ఎత్తివేయడం. ఇవి కుదిరితే మీ మడికి వచ్చే అవసరం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: పై అంతస్తులో ఉండే ఆమె గర్భవతి. మా పిల్లి వల్ల బిడ్డకు ప్రమాదమని గొడవ చేస్తున్నారు. నిజమేనా?

జవాబు: భయానికి ఆధారం ఉంది. దానికి కారణం టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. అయితే పిల్లిని చూస్తేనో, ముట్టుకుంటేనో సోకే జబ్బు కాదు. మొదటిసారి ఈ పరాన్నజీవి సోకిన పిల్లి కొద్ది వారాల పాటు మలంలో గుడ్ల లాంటివి వదులుతుంది. అవి సోకే స్థితికి రావడానికి 1 నుంచి 5 రోజులు పడుతుంది. అందుకే రోజూ ట్రే శుభ్రం చేయడం అంత ముఖ్యం. పిల్లిని బయట వేటాడనివ్వకండి, పచ్చి మాంసం పెట్టకండి. ఆమె మీ ట్రే జోలికి రానక్కర్లేదు. మట్టి పని చేస్తే గ్లవ్స్ వేసుకోవాలి, కూరగాయలు బాగా కడగాలి, మాంసం పూర్తిగా ఉడికించి తినాలి. ఈ ఆఖరి మూడూ మీ పిల్లి ఉన్నా లేకపోయినా పాటించవలసినవే. అనుమానం తీరాలంటే ఆమె తన డాక్టరుని రక్తపరీక్ష గురించి అడగవచ్చు.

ప్రశ్న: పక్కింటి బాబుని మా పిల్లి రక్కింది. టీకాలు వేయించాం కదా, వదిలేయొచ్చా?

జవాబు: వద్దు. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగించి అదే రోజు డాక్టరుకి చూపించండి. పిల్లి టీకా కార్డు మీరే పట్టుకెళ్లండి, రేబీస్ ఇంజెక్షన్లు కావాలో వద్దో డాక్టరు తేలుస్తారు. పిల్లిని 10 రోజులు ఇంట్లోనే కనిపెట్టి ఉండండి. ప్రవర్తనలో తేడా వస్తే వెంటనే డాక్టరుకీ, పశువైద్యుడికీ చెప్పాలి.