సడాకో ఒగాటా జీవితం రాస్తున్న అమ్మాయికి

విశాఖపట్నం

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన మొదటి అధ్యాయం తీరిగ్గా చదివాను. జపాన్‌కు చెందిన సడాకో ఒగాటా గురించి తెలుగులో ఒక పుస్తకం రావాలని మన ఊరి పిల్లకి అనిపించిందంటేనే నాకు చాలా సంతోషంగా ఉంది. వాక్యం నీకు బాగా పట్టుబడింది. దాని గురించి నేను చెప్పేదేమీ లేదు.

చెప్పాల్సింది ఇంకొకటుంది. అధ్యాయం నిండా పదవులే ఉన్నాయి. 1976లో ఐక్యరాజ్య సమితిలో జపాన్ దౌత్యవేత్త, తర్వాత యునిసెఫ్ కార్యనిర్వాహక మండలి అధ్యక్షురాలు, 1991 నుంచి 2000 దాకా ఐక్యరాజ్య సమితి శరణార్థుల సంస్థకి అధిపతి, అంటే హైకమిషనర్, ఆ కుర్చీలో కూర్చున్న మొదటి మహిళ, ఆ తర్వాత జపాన్ ప్రభుత్వ విదేశీ సహాయ సంస్థ జైకా అధ్యక్షురాలు. అన్నీ నిజాలే. కానీ మనిషి కనబడలేదమ్మా. పదవుల జాబితా ఎవరైనా రాస్తారు. కాదనడానికి వీలుండి కూడా ఆవిడ ఎక్కడ ఒప్పుకున్నారో, దానికి ఏం మూల్యం చెల్లించారో నువ్వు వెతికి రాయాలి.

1991 వసంతం గురించి నాలుగు లైన్లు రాసి వదిలేశావు. పుస్తకానికి గుండెకాయ అక్కడే ఉంది. గల్ఫ్ యుద్ధం ముగిసింది. ఉత్తర ఇరాక్‌లో తిరగబడ్డ కుర్దులను సద్దాం హుస్సేన్ సైన్యం తరుముతోంది. పది లక్షల మందికి పైగా ఇరాన్‌లోకి వెళ్లిపోయారు. ఇంకో నాలుగు లక్షల మందికి పైగా టర్కీ వైపు కొండలెక్కితే, టర్కీ సరిహద్దు మూసేసింది. మంచులో చంటిపిల్లలతో అక్కడే చిక్కుకుపోయారు. ఇప్పుడు రూలు చూడు. శరణార్థులపై 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం సొంత దేశం దాటి బయటపడ్డవాళ్లే శరణార్థులు. కొండ మీద ఇంకా ఇరాక్ వైపే ఉన్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. ‘వీళ్లు మా పరిధిలో లేరు’ అని రాసి ఫైలు మూసేస్తే ఒగాటాని తప్పు పట్టేవాళ్లు ఉండరు. పైగా ఆవిడ ఆ పదవిలోకి అప్పుడప్పుడే వచ్చారు.

ఆవిడ శరణార్థుల సంస్థలో తలపండిన అధికారుల్లోనే భేదాభిప్రాయాలు వచ్చాయి. ఇరాక్ లోపలికి వెళ్లొద్దన్నవాళ్లు జాలి లేనివాళ్లేం కాదు. ఇవాళ లోపలే సాయం చేస్తే, రేపు ప్రతి దేశమూ ‘మీ ఊళ్లోనే ఉండండి, తిండి అక్కడికే వస్తుంది’ అని గేటు వేసేస్తుందనీ, ఆశ్రయం అడిగే హక్కే లేకుండా పోతుందనీ వాళ్ల భయం. నన్నడిగితే అది తేలిగ్గా కొట్టిపారేసే భయం కాదు. ఒగాటా అందరి మాటా విన్నారు. చివరికి, సరిహద్దు గీతకి ఏ పక్కనున్నా ముందు ప్రాణాలు నిలబెట్టాలనే వైపే నిలబడి, లోపలికి వెళ్దామన్నారు. నువ్వు రాసేటప్పుడు వద్దన్నవాళ్ల వాదన ఎంత బలంగా ఉందో అంత బలంగానే రాయి. వాళ్లని మూర్ఖుల్లా చూపిస్తే ఆవిడ తీసుకున్న నిర్ణయం బరువు పాఠకుడికి తెలియదు.

ఆవిడకి ఈ తీరు ఎక్కడ నుంచి వచ్చిందో నీ అధ్యాయంలోనే ఉంది, కాకపోతే రెండు పేజీల్లో విడివిడిగా పడి ఉంది. 1932 మే 15న ఆవిడ ముత్తాత, జపాన్ ప్రధాని ఇనుకాయ్ త్సుయోషిని నౌకాదళ యువ అధికారులు ఇంట్లోకి చొరబడి కాల్చి చంపారు. అప్పటికి ఈవిడకి నాలుగేళ్లు. పెద్దయ్యాక అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీకి తీసుకున్న విషయమేమిటో చూడు: చైనాలోని మంచూరియాని జపాన్ ఆక్రమించిన రోజుల్లో జపాన్ విదేశాంగ విధానాన్ని ఎవరు, ఎలా నిర్ణయించారు? ముత్తాత ప్రాణం తీసిన కాలాన్నే కాగితాల్లో తవ్వారన్నమాట. ఈ రెండూ పక్కపక్కన పెట్టు, చాలు. వ్యాఖ్యానం అక్కర్లేదు.

గోమా విషయంలో మాత్రం నువ్వు తప్పించుకున్నావు. అభిమానం ఉన్నవాళ్లంతా అక్కడ తొందరపడతారు. 1994 జూలైలో రువాండా నుంచి కొద్ది రోజుల్లోనే దాదాపు పది లక్షల మంది జైర్‌లోని (ఇప్పటి కాంగో) గోమాకి వచ్చిపడ్డారు. కలరా వచ్చి వేలల్లో చనిపోయారు. ఆ జనంలో రువాండాలో టుట్సీల మారణహోమం చేసి వచ్చిన హంతకులు కూడా ఉన్నారు. శిబిరాల మీద పెత్తనం వాళ్లదే. పసిపిల్లలకని పంపిన తిండి వాళ్ల చేతుల్లోకీ పోతోంది. ఎంఎస్ఎఫ్ డాక్టర్ల సంస్థ ఫ్రాన్స్ శాఖ ఇది మావల్ల కాదని ఆ నవంబరులో వెళ్లిపోయింది. ఒగాటా ఉండిపోయారు. సాయుధుల్ని వేరు చేయడానికి బలగాలు కావాలని అడిగితే దేశాలు ముందుకు రాలేదు. ఆఖరికి ఒగాటా సంస్థే డబ్బు కట్టి జైర్ సైనికుల్ని కాపలాకి పెట్టుకుంది. ఉండిపోవడమే న్యాయమని నా అభిప్రాయం, ఎందుకంటే శిబిరంలో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలే. అయినా హంతకుల కడుపు నింపామన్న మాట కూడా నిజమే. మానవతా సమస్యలకు మానవతా పరిష్కారాలు ఉండవని, రాజకీయంగానే తేల్చాలని ఆవిడ పదేపదే అనేవారు. ఆ మాటని పుస్తకం మొదట్లో బొమ్మ కింద పెట్టకు. గోమా తర్వాత పెట్టు, అప్పుడు దానికి అర్థం వస్తుంది.

1993 ఫిబ్రవరి కూడా వదలకు. యుద్ధం నడుస్తున్న బోస్నియాలో అన్ని పక్షాలూ సాయంతో రాజకీయం చేస్తున్నాయని ఆవిడ సహాయ కార్యక్రమాలు చాలావరకు ఆపేశారు. ఐక్యరాజ్య సమితి సెక్రటరీ జనరల్ బుత్రోస్ ఘాలీ ఆ నిర్ణయాన్ని రద్దు చేసి మళ్లీ మొదలుపెట్టించారు. ముట్టడిలో ఉన్న బోస్నియా రాజధాని సరయెవోకి 1992 జూలైలో మొదలైన విమానాల సరఫరా 1996 జనవరి దాకా సాగింది, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దిగ్బంధంలో ఉన్న బెర్లిన్‌కి సాగిన విమానాల సరఫరా కంటే ఎక్కువ కాలం. ఇక్కడ సామాన్లు రాయి, ఆదర్శాలు కాదు. పిండి, మందులు, కిటికీలకి అడ్డం కట్టుకునే ప్లాస్టిక్ షీట్లు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మర్నాడు మన ఊళ్లో టార్పాలిన్ పట్టా విలువ ఎంతో నువ్వూ చూశావు. కరెంటు లేని ఇంట్లో, ఎగిరిపోయిన రేకుల కింద పట్టా నాలుగు మూలలా తాడు కట్టి ఇటుకలు పెట్టుకున్న చేతులు నీకు తెలుసు. ఆ అనుభవంతో సరయెవో రాయి.

ఎక్కడో జపాన్ ఆవిడ, మనకేం సంబంధం అని ఎవరో అన్నారని టెన్షన్ పడ్డావు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులేశాయి. పేలని బాంబొకటి బీచ్ రోడ్డు మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. ఆ రోజుకి ఒగాటా పద్నాలుగేళ్ల పిల్ల. ఇక కంచరపాలెంలో బర్మా క్యాంపు ఉండనే ఉంది. 1962లో సైన్యం గద్దెనెక్కాక బర్మాలో బతుకు పోయి, తరాలుగా రంగూన్‌లో స్థిరపడ్డ మనవాళ్లు కట్టుబట్టలతో ఓడలెక్కి వచ్చారు. 1990లో బర్మాలో మానవ హక్కుల పరిస్థితి చూసి రమ్మని ఐక్యరాజ్య సమితి పంపింది ఈ ఒగాటానే.

కాబట్టి ఈ ఆదివారం బర్మా క్యాంపుకి వెళ్దాం, నాకు తెలిసిన పెద్దవాళ్లు ఉన్నారు. ‘ఎలా అనిపించింది’ అని మాత్రం అడగొద్దు. ఏం పట్టుకొచ్చారు, ఏం వదిలేశారు, ఓడ టికెట్టు ఎవరిచ్చారు, దిగాక మొదటి పూట ఎవరు అన్నం పెట్టారు, ఇవి అడుగు. చెప్పింది చెప్పినట్టు రాసుకో. ఆ తర్వాత కూర్చుని ముందు గోమా అధ్యాయం పూర్తి చేసి పంపించు. పదవుల జాబితా సంగతి చివర్లో చూద్దాం, అవసరమైతే అనుబంధంలో వేసుకోవచ్చు.

ఉంటాను.

మీ మాస్టారు