పూత మీద బేరం

చి. శ్రీకర్‌కు మామయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో చెప్పేద్దామంటే నువ్వు మధ్యలో అడ్డు తగులుతావు, అందుకే రాస్తున్నాను. మీ టీమ్‌కు ఈసారి ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వరుసగా కొత్త కుర్రాళ్లను ఎంచుకునేదాంట్లో, ఆరో పిక్ వచ్చింది. మూడో పిక్ ఉన్నవాళ్లు దిగి రావడానికి, వచ్చే ఏడాది మీ ఫస్ట్ రౌండ్ పిక్ కూడా కలిపి అడుగుతున్నారు. పైవాళ్లు నిన్ను లెక్కలు కట్టమన్నారు. ఇంతేగా? నా మాట ముందే చెప్పేస్తున్నా: ఆ ధరకు వద్దు.

నేను ఫిలడెల్ఫియా టీమ్ సిక్సర్స్ మనిషినని నీకు తెలుసు. 2015-16లో 82 మ్యాచ్‌లకు పదే గెలిచిన టీమ్‌కు సీజన్ టికెట్లు కొన్నవాణ్ణి, మీ అత్తయ్య ఇప్పటికీ దెప్పుతుంది. 2017 డ్రాఫ్ట్‌కు మా చేతిలో మూడో పిక్ ఉంది, మొదటిది బోస్టన్ దగ్గరుంది. మార్కెల్ ఫుల్ట్స్ కోసం మూడో పిక్‌తో పాటు ఇంకో ఫస్ట్ రౌండ్ పిక్ కూడా ఇచ్చి పైకెక్కాం. ఆ రోజు నేను ఆఫీసులో స్వీట్లు పంచాను. పాపం, ఆ కుర్రాడికి భుజం దగ్గర నరాల సమస్య వచ్చింది, షాట్ వేసే తీరే మారిపోయింది. మాకు 33 మ్యాచ్‌లు ఆడి 2019లో ఓర్లాండోకు వెళ్లిపోయాడు. బోస్టన్ మూడో స్థానంలో జేసన్ టేటమ్‌ను తీసుకుని 2024లో ఛాంపియన్ అయింది.

గాయం ఎవరి చేతిలోనూ లేదు, దానికి నేను ఎవర్నీ తిట్టను. నన్ను గుచ్చేది ఇంకోటి. మొదటి పిక్ ఉన్నా టేటమ్‌నే తీసుకునేవాళ్లమని అప్పట్లో బోస్టన్ బేరాలు చూసిన డానీ ఐంజ్ తర్వాత చెప్పాడు. అంటే మేం ఎగబడి కొన్న కుర్రాడి మీద అమ్మేవాడికి అసలు మనసే లేదు! అందుకే నీ కాగితంలో మొదటి ప్రశ్న ఇది ఉండాలి: మూడో పిక్ వాళ్లు ఎందుకు దిగుతున్నారు? వాళ్లకు కావలసినవాడు ఆరులోనూ దొరుకుతాడన్న ధీమా వాళ్లకు ఎక్కడిది?

మీ తాతయ్య నూజివీడు వైపు మామిడి తోటలు పూత మీద కొనేవాడు. పూత ఎంత విరగబూసినా తేనెమంచు పురుగు ఉంది, గాలివాన ఉంది. అందుకే పూత మీద ఒక ధర, పిందె దిగాక ఒక ధర, కాయ కనిపించాక ఇంకో ధర. పందొమ్మిదేళ్ల కాలేజీ కుర్రాడు పూత కిందే లెక్క. మీవాళ్లు కాయ ధర పెట్టబోతున్నారు.

నువ్వు వెంటనే లూకా డాన్చిచ్ పేరెత్తుతావని తెలుసు. 2018లో డాలస్ కూడా 24 గెలిచి 58 ఓడిన టీమే, ఐదో పిక్ మీద వచ్చే ఏటి ఫస్ట్ రౌండ్ పిక్ కలిపి అట్లాంటా దగ్గర మూడుకు ఎక్కింది. నిజమే. కానీ లూకా అప్పటికే రియల్ మాడ్రిడ్‌కు ఆడుతూ యూరప్ పెద్ద లీగ్ యూరోలీగ్‌లో ఎంవీపీ, అంటే ఆ ఏటి మేటి ఆటగాడు అయ్యాడు. కాయ కళ్లెదుటే ఉంది. పైగా ఆ ఇచ్చిన పిక్ మొదటి ఐదులో పడితే ఇవ్వనక్కర్లేదని ప్రొటెక్షన్ పెట్టుకున్నారు. చివరికి అది పదోది అయింది. మీ బేరంలో ఈ రెండూ లేవు.

2025లో న్యూ ఓర్లీన్స్ ఏం చేసిందో చూశావుగా. 21 మ్యాచ్‌లే గెలిచిన టీమ్ 23 నుంచి 13కు ఎక్కడానికి 2026 ఫస్ట్ రౌండ్ పిక్‌ను ఏ ప్రొటెక్షనూ లేకుండా రాసిచ్చేసింది. తమదీ మిల్వాకీదీ రెండిట్లో ఏది మెరుగైతే అది! అలా తెచ్చుకున్న డెరిక్ క్వీన్ చెడ్డ ఆటగాడని నేను అనను. ఇంకా ఓడిపోతున్న టీమ్‌కు అన్నిటికన్నా విలువైన ఆస్తి తన సొంత పిక్కే. విత్తనాల గింజలు వండుకు తిన్నట్టు అనిపించింది నాకు.

ఓడిన టీముల్లో ఎవరికి ముందు పిక్ అన్నది తేల్చే లాటరీని నమ్మలేం కదా అని రాశావు. 2019 మార్పు తర్వాత అడుగున ఉన్న మూడు టీములకూ మొదటి పిక్‌కు 14 శాతమే, ఒప్పుకుంటాను. డెట్రాయిట్ 2023లోనూ 2024లోనూ అట్టడుగున ఉండి రెండుసార్లూ ఐదుకే జారింది. అయినా ఆ ఐదో పిక్‌లతో వచ్చిన ఆసార్ థామ్సన్, రాన్ హాలండ్ ఇద్దరూ ఉన్న టీమే 2024-25లో 44 గెలిచింది. ఇక 1.8 శాతం అవకాశంతో 2025లో కూపర్ ఫ్లాగ్‌ను ఎగరేసుకుపోయింది డాలస్. టికెట్ చేతిలో ఉంటేనే కదా ఇవన్నీ!

ఇప్పుడు నీ పని. కుర్రాళ్ల ఆట చూసి మార్కులు వేసే స్కౌట్ల జాబితాలో పేర్లు దాచేసి మార్కులు మాత్రం వరుసగా రాయి. మార్కులు ఒక్కసారిగా దిగిపోయే మెట్టు ఎక్కడ పడుతోందో చూడు. రెండుకూ మూడుకూ మధ్య పడి, మూడు నుంచి ఏడు దాకా చదునుగా ఉంటే ఎక్కి కొనేది ఏమీ లేదు. మూడుకూ నాలుగుకూ మధ్య పడితే అప్పుడు మాట్లాడదాం. జూన్‌లో ఒక్క వర్కవుట్ చూసొచ్చి ఊగిపోయే పెద్దమనిషి ప్రతి ఆఫీసులోనూ ఉంటాడు. అదే కుర్రాడికి ఫిబ్రవరిలో ఆయన ఎన్ని మార్కులు వేశాడో తీసి చూపించు. అందరి ముందూ మాత్రం వద్దు.

ఎక్కడమే తప్పని నేను అనడం లేదు. 2018లో క్లిప్పర్స్ రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు కలిపి 12 నుంచి 11కు ఎక్కి షై గిల్జస్-అలెగ్జాండర్‌ను తెచ్చుకున్నారు. ఏడాదికే ఓక్లహోమాకు పంపేశారు, అది వేరే ఏడుపు. అలాంటి చిల్లర ధరకైతే కళ్లు మూసుకుని ఎక్కు.

మీ దగ్గర వేరే టీమ్ నుంచి వచ్చిన ఫస్ట్ రౌండ్ పిక్ ఒకటి ఉందన్నావు. అది 20 దాటి వచ్చేదే అయితే దాంతో మొదలుపెట్టండి, ఒకటో రెండో సెకండ్ రౌండ్ పిక్‌లు కలపండి. సొంత పిక్కే కావాలని వాళ్లు పట్టుబడితే, అది మొదటి ఎనిమిదిలో పడితే ఇవ్వనక్కర్లేదని రాయించుకోండి. దానికీ ఒప్పుకోకపోతే హాయిగా ఆరులోనే కూర్చోండి.

ఆ మెట్ల కాగితం నాకు మాత్రం పంపకు. మీ టీమ్ రహస్యం అది, నేను సిక్సర్స్ మనిషిని.

మామయ్య