ఇంటి ఎదురుగా దసరా మేళా, రాత్రి మెలోడీ: పర్మిషన్ ఉంటే ఇక ఏమీ చేయలేమా?

ఒడిశాలోని పర్లాకిమిడిలో మీ ఇంటి ఎదుటి మైదానంలో పది రోజులు మేళా పెడుతున్నారు, రోజూ రాత్రి మెలోడీ, అంటే స్టేజి మీద పాటల కచేరీ ఉంటుందట, అమ్మగారికి గుండె జబ్బు, ఆపించగలమా అని అడిగారు. ఆపించడం కష్టమండీ. సౌండు తగ్గించొచ్చు, పదింటికల్లా కట్టించొచ్చు. బరంపురంలో మేమూ ఇదే బాధ పడ్డాం.

నాన్నగారికి స్టెంట్ వేసి అప్పటికి నెల కూడా కాలేదు. వీధి చివర స్టేజి కట్టి బాక్సులు మా ఇళ్ల వైపే తిప్పారు. పాట సరిగా వినిపించదు గానీ ఆ బేస్ దెబ్బకి వంటింటి గూట్లో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి, నాన్నగారు ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని మంచం మీద అలా కూర్చునే ఉండేవారు. పన్నెండు దాటాక ఠాణాకి ఫోన్ చేస్తే "పర్మిషన్ ఉంది కదా" అన్నారు. నేనూ నమ్మి పెట్టేశాను, అక్కడే పొరపాటు చేశాను.

మర్నాడు కమిటీవాళ్ల దగ్గర ఆ కాగితం చూశాను. ఒడియా మాట్లాడతాను గానీ చదవడం అంతంత మాత్రం, మా తమ్ముడి కొడుకు చదివి పెట్టాడు. మైకు రాత్రి పదింటి వరకే అని అందులోనే ఉంది!

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉన్నదీ అదే. లౌడ్‌స్పీకర్‌కి రాతపూర్వక అనుమతి ఉండాలి, ఆరుబయట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మోగించకూడదు. పండగలకి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, అదీ ఏడాదికి 15 రోజులకి మించకూడదు. "పండగ కదా" అంటే ఆ ఉత్తర్వు చూపించమనండి. పది లోపు కూడా ఇష్టమొచ్చినంత కుదరదు: నివాస ప్రాంతానికి పగటి పరిమితి 55 డెసిబెల్స్, మైదానం హద్దు దగ్గర దానికి ఇంకో 10 కలుపుకోవచ్చు, అంతే. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్ల లోపు అయితే ఇంకా కఠినం.

మీ దగ్గర మేళాకి ఇంకా పర్మిషన్ రాలేదన్నారు కాబట్టి ఆలస్యం చేయకండి. సబ్ కలెక్టర్ ఆఫీసులో, ఎస్‌డీపీఓ (సబ్ డివిజన్ పోలీసు అధికారి) దగ్గర ఒక్కో అర్జీ ఇవ్వండి, ఒడియాలో రాయించి, అమ్మగారి డాక్టరు చీటీ జెరాక్సు, ఇరుగుపొరుగు సంతకాలు జతచేసి, మీ కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. మేళా వద్దని మాత్రం రాయకండి. బుడగలు, గాజులు అమ్ముకునేవాళ్లకి ఏడాదిలో నాలుగు డబ్బులు కనిపించేది ఆ రోజుల్లోనే, వాళ్ల పొట్ట కొట్టాలని మనకేం లేదు. బాక్సులు ఇళ్ల వైపు తిప్పకూడదు, జనరేటర్ దూరంగా పెట్టాలి, పదింటికి మైకు కట్టాలి, ఈ మూడూ షరతులుగా పర్మిషన్‌లోనే రాయమని అడగండి.

కమిటీ పెద్దని ఒకసారి ఇంటికి కూడా పిలవండి. మా దగ్గర ఆయన వచ్చి నాన్నగారి పక్కన కాసేపు కూర్చున్నాడు. ఆ సాయంత్రమే బాక్సులు చెరువు వైపు తిప్పించాడు, మూడో రాత్రి పదీ అయిదుకి మైకు ఆగింది.