చంద్రుడికి గుడి కట్టిందంటే ఎవరు కట్టినట్టు?

సందేహం: మా అమ్మమ్మ రాత్రిపూట ఆకాశం చూసి "చంద్రుడికి గుడి కట్టింది, వాన పడుతుంది" అంటుంది. ఈ గుడి, దేవుడి గుడి ఒకటేనా? లేక గుడి అంటే ఒక రకం మబ్బా? పేపర్లో కాంతివలయం అని రాశారు, ఇంకెక్కడో "పరివేశం" అని చదివాను. ఏది సరైనది?

సమాధానం: దేవుడి గుడికీ దీనికీ సంబంధం వెతక్కండి. ఇక్కడ గుడి అంటే గుండ్రంగా చుట్టుకున్నది, వలయం, అంతే. ఈ అర్థం మీరు ఒకటో తరగతిలోనే నేర్చుకున్నారు, గమనించలేదు. "న"కి గుడి ఇస్తే "ని", గుడిదీర్ఘం ఇస్తే "నీ" అని చదివాం కదా, అక్షరం నెత్తిన తిరిగే ఆ చుట్టే గుడి. పాత పుస్తకాల్లో "గుడిగొను" అని కనిపిస్తే చుట్టుకోవడం అని అర్థం చేసుకోవాలి, గుళ్లో దేవుణ్ణి వెతక్కూడదు.

అసలు చిక్కు "కట్టింది" దగ్గరుంది. గుడి పక్కన కట్టడం అనే మాట రాగానే ఎవరికైనా ఇటుకలూ సున్నమే గుర్తొస్తాయి. కానీ పాలు మీగడ కట్టాయి, నెయ్యి గడ్డకట్టింది, జుట్టు అట్టకట్టింది అంటాం చూడండి, అక్కడ ఎవరూ దేన్నీ కట్టలేదు, దానంతటదే ఏర్పడింది. గుడి కట్టింది కూడా ఆ కోవలోదే. "చంద్రుడు గుడి కట్టాడు" అనేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పేం కాదు.

ఇక గుడి అంటే మబ్బా అన్నారు. కాదు, కానీ మబ్బు లేకుండా గుడి లేదు. సుమారు ఆరు కిలోమీటర్లకు పైన, తెల్లటి పలచని పొరలా పరుచుకునే మబ్బులో ఉండేది నీటి చుక్కలు కాదు, ఆరు పలకల మంచు స్ఫటికాలు. వాటిగుండా వెన్నెల వంగి వచ్చి చంద్రుడి చుట్టూ 22 డిగ్రీల దూరంలో వలయంగా కనబడుతుంది. చెయ్యి బారుగా చాచి బొటనవేలితో చంద్రుణ్ణి మూస్తే, చిటికెనవేలు దాదాపు ఆ వలయం మీదే ఉంటుంది, అంటే ఆకాశంలో జానెడు దూరమన్నమాట. చంద్రుణ్ణి అంటుకున్నట్టు రంగురంగుల చిన్న వలయం కనిపిస్తే అది వేరు, అది నీటి తుంపరల మబ్బు పని.

ఈ తేడా తెలిస్తే "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అనే సామెత (ఊరిని బట్టి మాటలు అటూఇటూ అవుతాయి) ఉత్త ప్రాస కాదనిపిస్తుంది. బంగాళాఖాతంలో తుఫాను లేచినప్పుడు ముందుగా పైకి పాకి వచ్చేది ఆ పలచని మంచు మబ్బే, దాంట్లో కట్టేది పెద్ద గుడే. అలాగని గుడి కట్టిన ప్రతిసారీ వాన పడదు, అమ్మమ్మతో పందెం కాయొచ్చు. వరదగుడి అనే మాటా ఇదే, వానను వరద దాకా తీసుకెళ్లారు మనవాళ్లు.

సంస్కృతంలో దీన్ని పరివేషం అంటారు, మీరు చదివిన "పరివేశం" కాదు, "ష" రాయండి. అమరకోశం పరివేషం, పరిధి, ఉపసూర్యకం, మండలం అని నాలుగు పేర్లిచ్చింది. వాటిలో పరిధి ఇప్పుడు పోలీసు స్టేషన్ పాలైంది. పరివేషణ అంటే మాత్రం వడ్డన, దానితో కలిపేయకండి. దేవుళ్ల పటాల్లో తల వెనక ఉండేది ప్రభామండలం, చంద్రుడికి ఆ మాట వాడితే ఆయన్ను పటం కట్టించినట్టుంటుంది.

కాంతివలయం తప్పు కాదు కానీ చప్పగా ఉంటుంది, ట్యూబులైటుకైనా అనొచ్చు దాన్ని. సైన్సు పాఠంలో పరివేషం, మామూలుగా రాసేటప్పుడు గుడి అనే రాయండి. కుర్రాళ్లకు అర్థం కాదని టెన్షన్ పడితే మొదటిసారి "చంద్రుడి చుట్టూ గుడి కట్టింది" అని రాస్తే చాలు, ఆ "చుట్టూ" అనేదే మిగతా పని చూసుకుంటుంది. పగలు సూర్యుడికి కట్టినా ఇదే మాట.