కోనసీమ నుంచి పాంగాంగ్ సరస్సుకు: పెద్దవాళ్లతో వెళ్లొచ్చా? అక్కడ చూడ్డానికి ఏముంది?

అమలాపురం నుంచి అమ్మానాన్నలతో జూన్‌లో లద్దాఖ్ వెళ్తున్నామని, లేహ్‌లో దిగిన మర్నాడే పాంగాంగ్ చూసి వచ్చేయొచ్చా అని అడిగారు. ఇంటి చుట్టూ నీళ్లుండగా నీళ్లు చూడ్డానికి అంత దూరమెందుకని నాన్నగారు అంటున్నారనీ రాశారు. నాది భీమవరం దగ్గర ఊరండి, రొయ్యల చెరువుల మీదే బతుకు. ఆ సరస్సు చూసొచ్చినవాణ్ని కాబట్టి రెండిటికీ చెప్తాను.

మర్నాడే మాత్రం వద్దు. మన ఊళ్లు సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులో ఉంటాయి. లేహ్ 3,500 మీటర్లు. ఢిల్లీలో విమానమెక్కితే గంటన్నరలో అక్కడ దించేస్తుంది. పాంగాంగ్ 4,200 మీటర్ల పైమాటే, దారిలో దాటాల్సిన చాంగ్ లా కనుమ దాదాపు 5,360. సరస్సు దగ్గర గాలి ఒత్తిడి మన దగ్గర ఉన్నదాంట్లో సుమారు 60 శాతమే, ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ కూడా అంతే. హేచరీ నుంచి వచ్చిన సీడ్‌ని, అంటే రొయ్య పిల్లల్ని, కవరు విప్పి తిన్నగా చెరువులో పోసేయం కదా. కవర్లు నీళ్ల మీద తేలేసి, కొంచెం కొంచెం చెరువు నీళ్లు కలిపి, ఉప్పుకీ వేడికీ అలవాటు పడ్డాకే వదుల్తాం. మనిషికీ అంతేనండి. లేహ్‌లో కనీసం రెండు రాత్రులు, పెద్దవాళ్లున్నారు కాబట్టి మూడు ఉండండి. మొదటి రోజు గది దాటకండి. బీపీ, గుండె, ఉబ్బసం లాంటివేమైనా ఉంటే టికెట్లు కొనకముందే డాక్టరు గారిని అడగండి, ఎత్తు వల్ల వచ్చే నలత రాకుండా వేసుకునే డయామాక్స్ మాత్రలు వాడాలా వద్దా అన్నదీ ఆయనే చెప్పాలి.

ఇంకో సంగతి, మన పెద్దవాళ్లు నలతగా ఉన్నా చెప్పరు. మాతో వచ్చిన పెదనాన్నగారు పొద్దుటి నుంచీ తలనొప్పిని దాచుకుని కూర్చున్నారు. చాంగ్ లా మీద టీ గ్లాసు పట్టుకోలేక చెయ్యి వణుకుతుంటే అప్పుడు బయటపడింది. ఫొటోలూ అవీ మానేసి వెంటనే కిందికి దించేశాం. కనుమ దిగాక వచ్చే టాంగ్‌త్సే ఊరు చేరేసరికి మళ్లీ మాటల్లో పడ్డారు. తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం ఉంటే పైకి వెళ్లొద్దు. ముదిరితే కిందికి దిగడమే అసలు మందు.

ఇక నాన్నగారి ప్రశ్న. ఆ నీళ్లు మన నీళ్లలాంటివి కావు. సరస్సు పొడవు 134 కిలోమీటర్ల దాకా ఉంటుంది, అందులో మూడో వంతు మన వైపు, మిగతాది చైనా అధీనంలో. వెడల్పు మాత్రం ఎక్కడా ఐదారు కిలోమీటర్లు మించదు. ఒకప్పుడు ఈ నీళ్లు పొంగి ష్యోక్ నదిలోకి, అక్కణ్ణించి సింధులోకి పోయేవి. దారి మూసుకుపోయాక వచ్చిన నీరు ఎండకి ఆవిరవ్వడమే, ఉప్పు మిగిలిపోవడమే. ఎండాకాలం చెరువులో ఉప్పు ఎలా పెరుగుతుందో చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పడమటి కొసన లీటరుకి సుమారు 11 గ్రాముల ఉప్పుందని లెక్క, తూర్పుకి పోయేకొద్దీ మంచినీళ్లే. ఆ 11 గ్రాములు మనం పెంచే వనామి రొయ్యకి సరిపోయే ఉప్పే గానీ, ఆ చలికి అది ఒక్క రాత్రి కూడా బతకదు. ఉప్పునీళ్లయినా చలికాలంలో సరస్సంతా గడ్డకడుతుంది మరి. మన చెరువుల్లో నీటికి రంగు రావాలని తాపత్రయపడతాం, రంగొస్తేనే ప్లాంక్టన్, అంటే నీళ్లలో తేలే కంటికానని జీవులు, ఉన్నట్టు. అక్కడ అది తక్కువ. అందుకే ఒడ్డున మోకాటి లోతులో ఉన్న గులకరాయి మీది చార కూడా కనిపిస్తుంది. పైన మబ్బు కదిలితే కింద నీలం ఆకుపచ్చకి తిరుగుతుంది. నేను అంత తేట నీళ్లు ఇంకెక్కడా చూడలేదు.

నాన్నగారికి తప్పకుండా చూపించాల్సినవి పక్షులు. ఒడ్డున మనుషుల మధ్యే తిరిగే సీగల్స్‌ని గమనించండి, తలంతా ముసుగేసినట్టు ముదురు గోధుమ రంగు. అవి వేసవిలో లద్దాఖ్ సరస్సుల దగ్గర గుడ్లు పెట్టి, చలికాలానికి సముద్రతీరాలకి దిగిపోతాయి. కాకినాడ రేవులో, కోరంగి మడ అడవుల దగ్గర శీతాకాలం కనిపించేవాటిలో ఈ జాతి కూడా ఉంటుంది. కాకపోతే అప్పటికి ముసుగు ఊడిపోయి తల తెల్లబడుతుంది, కంటి వెనక నల్లటి మచ్చ మిగుల్తుంది. చిన్నప్పటి నుంచీ పడవల వెంట తిరగడం చూసిన పక్షిని నిండు రంగుల్లో అక్కడ చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. నారింజ రంగు బాతులూ, తల మీద రెండు నల్ల చారలుండే బాతులూ అంతే, వేసవి అక్కడ, చలికాలం మన దేశపు మైదానాల్లో.

వీలుంటే ఇంకో రెండు రోజులు పెట్టుకుని లద్దాఖ్‌లోనే ఉన్న త్సో మోరీరీ అనే ఇంకో సరస్సు కూడా చూడండి. మన కొల్లేటినీ దాన్నీ 2002లో ఒకేసారి రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో, చేర్చారు. కొల్లేటిని చేపల చెరువులు ఎంత మింగాయో, 2006లో ఆ గట్లు ఎలా కొట్టించారో మన జిల్లాల్లో అందరికీ తెలుసు. అక్కడ ముప్పు చెరువులది కాదు, మనలాంటి యాత్రికులదే. మనం పారేసిన తిండి మరిగి వీధికుక్కలు పెరిగిపోయాయి, అవి నేల మీద గూడు కట్టే నల్లమెడ కొంగల గుడ్లూ పిల్లలూ తినేస్తున్నాయి. ఆ కొంగ లద్దాఖ్ కేంద్రపాలిత ప్రాంతపు అధికారిక పక్షి. అందుకని మీరు పట్టుకెళ్లే ప్యాకెట్లూ సీసాలూ తిరిగి లేహ్ దాకా తెచ్చేయండి. దారిలో మార్మోట్లు, అంటే పెద్ద ఉడతల్లాంటి జంతువులు, ముద్దుగా నిలబడతాయి, పిల్లలు ఎంత మారాం చేసినా బిస్కెట్లు పెట్టనివ్వకండి.

రాత్రి అక్కడే ఉండాలా అంటే, పెద్దవాళ్లతో వద్దనే అంటాను. పొద్దున్నే లేహ్‌లో బయల్దేరితే వెళ్లడానికి ఐదు గంటలు, ఒడ్డున రెండు మూడు గంటలుండి చీకటి పడేసరికి తిరిగి రావచ్చు. జూన్ అయినా స్వెట్టర్లూ మంకీ క్యాపులూ కావాలి. మా ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచెయ్యలేదు, కాబట్టి ఒక్కరి దగ్గరైనా పోస్ట్‌పెయిడ్ ఉండేలా చూసుకోండి. పర్మిట్ సంగతి లేహ్‌లో మీ హోటల్ వాళ్లనే అడగండి.