ప్రణతికి, బడిలో అడుగు పెట్టేముందు

కాకినాడ

చి. ప్రణతికి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి నీకు పీహెచ్‌డీ సీటు వచ్చిందని, టాపిక్ పిల్లల చదువు కష్టాల మీదేనని చెప్పింది. మన ఇంట్లో ఈ దారిలోకి ఇంకెవరూ రారని ఎప్పుడో ఆశ వదిలేసుకున్నదాన్ని. సంతోషంతో ఒక రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నువ్వు వాట్సాప్‌లో పంపిన నీ పరిశోధన ప్లాను, అదే సినాప్సిస్, చదివాక టెన్షన్‌తో పట్టలేదు.

ఏమిటే ఇది? మూడు నుంచి ఐదో తరగతి దాకా చదవడంలో ఇబ్బంది, వాళ్లలోనే ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత నిలవక కుదురుగా కూర్చోలేకపోవడం, పైగా ఎనిమిది, తొమ్మిది తరగతుల వాళ్లలో దిగులు, ఆందోళన. అన్నీ ఒక్క థీసిస్‌లోనే! ఇవి ఒకదానితో ఒకటి ముడిపడ్డవే, కాదనను. చదవడంలో బాగా వెనకబడ్డ పిల్లల్లో నూటికి పాతిక నుంచి నలభై మందికి ఏడీహెచ్‌డీ కూడా ఉంటుందని మామూలుగా చెప్పే లెక్క. మూడో తరగతిలో మొద్దు అనిపించుకున్న పిల్ల తొమ్మిదికి వచ్చేసరికి ఎలా ముడుచుకుపోతుందో నేను కళ్లారా చూశాను. కానీ నువ్వు ఒక్కదానివి, నీకున్నది నాలుగైదేళ్లు. చదవడం గట్టిగా పట్టుకో. మిగతా రెండిటినీ దాని వెంట ఎంత వస్తే అంత రానీ. మీ గైడ్‌గారితో ఈ మాట నువ్వే నెమ్మదిగా చెప్పు, నా పేరు ఎత్తకు.

ఎథిక్స్ కమిటీ, డీఈఓ అనుమతి, ఎంఈఓకి కాపీ, ఇవన్నీ యూనివర్సిటీలో చెబుతారు. కళ్లు, చెవులు పరీక్ష చేయించకుండా ఒక్క బిడ్డకీ టెస్టు పెట్టకు. పొద్దున ఏం తిన్నావురా అని అడుగు. మధ్యాహ్న భోజనం గంటకి ముందు పీరియడ్‌లో ఏ పిల్లాడికైనా ఏకాగ్రత లోపమే.

ఇక అసలు విషయానికి వస్తాను. దీనికోసమే ఈ ఉత్తరం.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, 2003లో, కోనసీమలో ఒక సర్వే జరిగింది. మూడో తరగతి పిల్లలకు చదవడం, గుర్తుపెట్టుకోవడం మీద టెస్టులు పెట్టి, వయసును బట్టి ఎవరు ఎక్కడున్నారో తేల్చాలి. నేను ఫీల్డులో తిరిగేదాన్ని. వయసు ఎక్కణ్నుంచి తీసుకోవాలన్న ప్రశ్నే ఎవరికీ రాలేదు. అడ్మిషన్ రిజిస్టరు ఉంది కదా, అందులో పుట్టినతేదీ కాలమ్ ఉంది కదా, దించేసుకున్నాం. ఆ కాలమ్ నిండా జూన్ నెలే. మన బళ్లలో ఇది అందరికీ తెలిసిన సంగతే. బిడ్డను చేర్చుకునే రోజున ఐదు నిండినట్టు లెక్క సరిపోవాలి కాబట్టి మాస్టారు ఒక తేదీ వేసేస్తారు. మీ తాతగారి సర్టిఫికెట్‌లో ఉన్నది కూడా అలాంటి తేదీయే. ఇంట్లో అందరం దాని మీద నవ్వుకుంటాం, కానీ టెస్టు మార్కులు లెక్కేసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు.

మేం వెళ్లిన ఒక బడిలో ఒక పిల్లాడు ఉండేవాడు. కార్డు ముందు పెడితే చూపుడువేలు ప్రతి అక్షరం కింద ఆనించి, "పు... స... కం" అనేవాడు. స కింద ఉన్న త ఒత్తు దగ్గర వేలు ఆగేది, నా మొహంలోకి చూసేవాడు, నేను ఏమీ అనకపోతే దాన్ని దాటేసి ముందుకు పోయేవాడు. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. రిజిస్టరు ప్రకారం వాడికి ఎనిమిదేళ్లు దాటాయి. ఎనిమిది దాటినవాడికి ఆ మార్కులు చాలా తక్కువ. పట్టికలో "తీవ్రంగా వెనకబడినవారు" అన్న గడిలో పడ్డాడు.

తర్వాత తల్లిదండ్రులతో మాట్లాడే విడతలో వాళ్లింటికి వెళ్లాను. వాళ్లమ్మ కొబ్బరి మట్టలు చీలుస్తూ మాటల్లో అంది: "తుఫానప్పుడు వీడు కడుపులో ఉన్నాడమ్మా, నెలలు నిండి. బడి మేడలో తలదాచుకున్నాం. ఆ తర్వాత పదిరోజులకి పుట్టాడు." ఆ తుఫాను ఏదో కోనసీమలో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు, 1996 నవంబరు 6 రాత్రి. రిజిస్టరులో ఉన్నది 1995 జూన్. అన్న వెంట పడి బడికి వస్తుంటే వాణ్ని కూడా ఒకటో తరగతిలో రాసేసుకున్నారు. అంటే నేను టెస్టు పెట్టిన రోజున వాడికి ఏడేళ్లు కూడా నిండలేదు. ఆ వయసుకి ఒత్తులు రాకపోవడం రోగం కాదు, వింతా కాదు. మిగతా ఇళ్లకీ వెళ్లి అడిగితే ఇలాంటివాళ్లు ఇంకా బయటపడ్డారు.

తేదీలు తప్పితే దిద్దుకోవచ్చు, దిద్దాం కూడా. దిద్దలేనిది ఇంకొకటి. అప్పటికే మా ప్రాజెక్టు వాళ్లు, బడికి ఉపయోగపడుతుందని, పేర్లతో సహా ఆ పట్టిక హెడ్మాస్టరు గారికి ఇచ్చేశారు. ఆయన మంచివాడే. ఈ పిల్లల మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెడదామని వాళ్లను వరండాలో ఒక వరసగా కూర్చోబెట్టారు. ఆ వరసకి పాఠం చెప్పడానికి మాస్టారు ఎక్కడున్నారు? ఉన్నదే ఇద్దరు, ఐదు తరగతులకి. మిగతా పిల్లలు వాళ్లకి "టెస్టు బ్యాచ్" అని పేరు పెట్టారు. సవరించిన పట్టిక తీసుకెళ్లి ఇస్తే హెడ్మాస్టరు గారు కృతజ్ఞతలు చెప్పి సొరుగులో పెట్టారు. తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళ్లినప్పుడు ఆ పిల్లాడు ఐదో తరగతిలో ఉన్నాడు. కూర్చున్నది మాత్రం ఆ వరండాలోనే.

అందుకే చెబుతున్నాను, ప్రణతీ. పేర్లున్న పట్టిక నీ చేతిలోంచి బయటికి పోకూడదు. హెడ్మాస్టరు అడిగినా, ఎంఈఓ అడిగినా, మీ గైడ్ అడిగినా సరే. ఆ బిడ్డ కోసం వారానికి ఇన్ని గంటలు ఫలానా మనిషి కూర్చుని చదివిస్తారు అన్న ఏర్పాటు ముందు ఉండాలి, ఆ తర్వాతే పేరు, అదీ తల్లిదండ్రులతో మాట్లాడాక. ఇప్పుడు ఆసుపత్రి కాన్పులు, జనన ధృవపత్రాలు వచ్చాయి, అప్పటంత అధ్వాన్నం కాదులే. అయినా ఇటుక బట్టీలకు వలస పోయి వచ్చే కుటుంబాల్లో తేదీలు ఇంకా అంతే. టీకాల కార్డు అడుగు. అది లేకపోతే ఏ పండగ ముందు, ఏ వాన తర్వాత అని తల్లినే అడుగు.

వయసు గురించి ఇంత గోల ఎందుకా అంటావేమో. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం వచ్చింది. అక్కడ బడికి వయసు గీత డిసెంబరు 31. అంటే డిసెంబరులో పుట్టినవాళ్లు క్లాసులో అందరికన్నా చిన్నవాళ్లు. జనవరి మగపిల్లలతో పోలిస్తే డిసెంబరు మగపిల్లలకు ఏడీహెచ్‌డీ అని రాయడం 30 శాతం ఎక్కువ, ఆడపిల్లల్లో అయితే 70 శాతం ఎక్కువ. పదకొండు నెలలు చిన్నవాడు కదలకుండా కూర్చోలేకపోతే దానికి జబ్బు పేరు పెట్టారన్నమాట. పుట్టినతేదీలు పక్కాగా ఉన్న దేశంలోనే అలా ఉంటే మన సంగతి ఆలోచించు. మానసిక వైద్యులు జబ్బులు గుర్తించడానికి వాడే డీఎస్ఎం-5 పుస్తకం కూడా లక్షణాలు కనీసం రెండు చోట్ల కనిపించాలంటుంది, పన్నెండేళ్ల లోపే మొదలవ్వాలంటుంది. టీచరు నింపిన ఒక్క ఫారంతో తేల్చేయకు. యాభై మంది ఉన్న గదిలో ఆవిడకి కనపడేది అల్లరి చేసేవాడే. కిటికీలోంచి చూస్తూ నోరెత్తకుండా కూర్చునే ఆడపిల్ల ఆ ఫారంలో ఎప్పుడూ బంగారమే.

టెస్టుల సంగతి. ఇంగ్లీషు టెస్టుని తెలుగులోకి దించి వాడతానని రాశావు. చెంప పగలగొడతాను. ఇంగ్లీషు పిల్లకి ఇరవయ్యారు అక్షరాలు, తర్వాత స్పెల్లింగుల చిక్కు. మనకి స్పెల్లింగు చిక్కు పెద్దగా లేదు, కానీ అచ్చులు, హల్లులు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ కలిస్తే కొన్ని వందల ఆకారాలు. కన్నడ పిల్లల మీద సోనాలీ నాగ్ 2007లో రాసిన పేపరు ముందు చదువు. ఈ లిపులు పూర్తిగా పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా కూడా పడుతుందని, పదంలోని ధ్వనులను విడివిడిగా పట్టుకోవడం కూడా నెమ్మదిగానే వస్తుందని అందులో ఉంటుంది. ఇంకోటి, రాసినట్టే పలికే భాషల్లో డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం కష్టమయ్యే ఇబ్బంది, ఉన్నవాళ్లు చాలాసార్లు తప్పు చదవరు, నత్తలా చదువుతారు. జర్మన్ మీద పని చేసినవాళ్లు ఇది ఎప్పుడో చూపించారు. తప్పులు మాత్రమే లెక్కపెడితే వాళ్లు నీకు దొరకరు. స్టాప్‌వాచ్ పట్టుకెళ్లు, కానీ పిల్లలకు కనపడేలా బల్ల మీద పెట్టకు. మాధ్యమం కూడా చూసుకో. తెలంగాణ సర్కారు బళ్లలో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంట్లో ఒక భాష, బడిలో ఒకటి, తండాల పిల్లలకైతే లంబాడీతో కలిపి మూడు. వాడికి చదవడం రాదా, ఆ భాషే రాదా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఇక పెద్దపిల్లలు. ఇక్కడే నా భయం. దిగులు ఎంతుందో కొలవడానికి నువ్వు వాడతానన్న పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోతే బాగుండునన్న ఆలోచనల గురించి. అడగవద్దని నేను అనను. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం ఆధారం లేనిది, న్యూయార్క్ హైస్కూలు పిల్లల మీద 2005లో వచ్చిన అధ్యయనం కూడా అదే చూపించింది. నా భయం వేరు. శుక్రవారం సాయంత్రం ఫారాలు కట్టగట్టి, బస్సెక్కి హైదరాబాదు వెళ్లిపోయి, సోమవారం ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అప్పుడు చూస్తావేమోనని. ఈ మధ్యలో మూడు రాత్రులున్నాయి, తల్లీ. ఇంటర్ ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పేపర్లు చూసేదానివి, నీకు విడమరచి చెప్పాలా? ఫారాలు పొద్దున్నే ఇవ్వు. బడి దాటకముందే ఆ ఒక్క ప్రశ్న అన్ని కాగితాల్లో చూసుకో. ఏ బిడ్డ టిక్కు పెట్టినా అదే రోజు ఎవరు మాట్లాడతారు, ఇంట్లో ఎవరికి చెప్పాలి, జిల్లా ఆసుపత్రిలో ఏ డాక్టరు చూస్తారు, అన్నీ ముందే రాసిపెట్టుకో. సర్కారు వారి మానసిక సహాయ ఫోన్ లైను టెలి-మానస్ 14416 నంబరు అందరికీ ఇవ్వు, టిక్కు పెట్టనివాళ్లకి కూడా. "నువ్వు చెప్పింది ఎవరికీ చెప్పను" అని మాత్రం మాటివ్వకు. ప్రాణాపాయం ఉంటే చెప్పాల్సి వస్తుంది. లైంగిక వేధింపు అయితే పోక్సో చట్టం ప్రకారం తెలియజేయడం తప్పనిసరి. ఆ సంగతి సంతకం పెట్టించేముందే పిల్లకి చెప్పు. వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాల ప్రకారం పన్నెండు దాటితే తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లలు కూడా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి.

కోప్పడ్డానని చిన్నబుచ్చుకోకు. నీ చిన్నప్పుడు నీకు అ ఆలు దిద్దించింది నేనే, ళ రాయడానికి నువ్వు పెట్టిన పేచీ నాకింకా గుర్తుంది. ఇప్పుడు నువ్వు వేరే పిల్లల పక్కన కూర్చుంటావంటే గర్వంగా ఉంది, మీ పెదనాన్న వీధిలో అందరికీ చెప్పేశారు.

ఫీల్డులో తిరగడానికి ఆటో ఖర్చులు స్టైపెండ్‌లో రావని మీ అమ్మ అంది. అవి నేను పంపిస్తాను. కానీ ఆ తొమ్మిదో ప్రశ్నకి నీ ఏర్పాటేమిటో ఒక కాగితం మీద డాక్టరు పేరు, ఫోన్ నంబరుతో సహా రాసి ముందు నాకు పంపు. అది చూశాకే డబ్బులు.

ఇట్లు,
మీ పెద్దమ్మ